ఆఫ్‌సైడ్ గీతలో సాంబన్న తువ్వాల

నేను నా జీవితంలో ఒక్కసారే రిఫరీ ఈల మెడలో వేసుకున్నాను. ఒక్క ఆదివారం సాయంత్రం, ఒక్క ఫుట్‌బాల్ ఆటకు. ఆ కాస్త సమయంలోనే రెండు పేటల మధ్య అగ్గి రాజేశాను. నేను అద్దెకుంటున్న ఇంటి యజమానిని మైదానంలోంచి గెంటేశాను. నా రాత్రి భోజనానికి ఎసరు పెట్టుకున్నాను. ఆ పైన, ఫుట్‌బాల్ అనే ఆట పుట్టినప్పటి నుంచి ఏ దేశంలోనూ ఏ రిఫరీ చేసి ఉండని పని ఒకటి చేశాను. అదేమిటో ఇప్పుడే చెప్పను. ఇప్పుడు చెబితే మీరు నమ్మరు. వరుసగా వింటే నమ్మక తప్పదు. నాకేమో ప్రతిదీ వరుసగా చెప్పడం అలవాటు. కుర్రతనం నుంచి ఒక్క రోజు తప్పకుండా డైరీ రాస్తున్న మనిషిని. వాన పడితే వాన, పన్ను నొప్పి పెడితే పన్ను, అన్నీ రాశాను. ఆ ఆదివారం పేజీ మాత్రం ఇప్పటికీ తెల్లగానే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో ఆ రాత్రి తోచలేదు. ఇదిగో, ఇప్పటికి తోచింది.

డెబ్బైల చివరి రోజులు. నేను వరంగల్‌లో ఒక సర్కారు కార్యాలయంలో గుమాస్తాను. పెళ్లి కాలేదు. కొత్తవాడలో సాంబయ్య గారింట్లో ఒక గది అద్దెకు తీసుకుని, భోజనం కూడా వాళ్లింట్లోనే చేసేవాణ్ని. సాంబయ్య, ఆయన తమ్ముడు కొమురెల్లి పగలంతా ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని జంపఖానాలు నేసేవాళ్లు. పొద్దు వాలేసరికి కాళ్లలో తిమ్మిరి వదిలించుకుంటూ లేచి, ఫుట్‌బాల్ ఆడటానికి పరుగెత్తేవాళ్లు. కొమురెల్లి ముందు వరుసలో గోలు కొట్టే ఫార్వర్డు. సాంబయ్య వెనక, గోల్‌కీపర్‌కు ముందు కాపు కాసే ఫుల్‌బ్యాకు. నేను ఆయన్ని సాంబన్న అనేవాణ్ని. ఆయన నన్ను సారూ అనేవాడు, కోపం వచ్చినా సారూ అనే తిట్టేవాడు.

స్టేషన్ అవతల ఒక మైదానం ఉండేది. దానికోసం కొత్తవాడ జట్టుకూ, రైల్వే క్వార్టర్ల జట్టుకూ ఏటా ఒక ఆట జరిగేది. గెలిచినవాళ్లకు ఏడాదంతా సాయంత్రాలు మైదానం. ఓడినవాళ్లు కావాలంటే తెల్లవారుజామున ఆడుకోవచ్చు. రైల్వేవాళ్లకు పరవాలేదు, షిఫ్టు డ్యూటీలు కాబట్టి ఎవరో ఒకరు ఎప్పుడూ ఖాళీగానే ఉంటారు. నేతపనివాళ్లకు తెల్లవారితే మగ్గం. అంటే కొత్తవాడ ఓడిపోతే ఆ ఏడాదికి వాళ్లకు ఫుట్‌బాలే లేదు. కొమురెల్లికి ఫుట్‌బాల్ లేకపోవడమంటే మనకు అన్నం లేకపోవడం లాంటిది. నిజానికి అంతకంటే ఎక్కువ. అన్నం మానెయ్యమంటే ఒక పూట మానేసేవాడు.

ఆ ఏడు ఆట ఇంకో వారం ఉందనగా, ఏటా రిఫరీగా ఉండే డ్రిల్ మాస్టారుకు ఒళ్లంతా అమ్మవారు పోసింది. కొత్త రిఫరీ కావాలి. కొత్తవాడవాళ్లు చెప్పిన మనిషిని రైల్వేవాళ్లు వద్దన్నారు, రైల్వేవాళ్లు చెప్పిన మనిషిని కొత్తవాడవాళ్లు వద్దన్నారు. అలా తిరిగి తిరిగి నా పేరు వచ్చింది. తెచ్చింది ఎవరనుకున్నారు? రైల్వే జట్టు కెప్టెన్ ఆంథోనీ!

దీనికి వెనక ఒక బస్సు కథ ఉంది. మా ఊరు ములుగు దగ్గర. శనివారం శనివారం బస్సులో వెళ్లేవాణ్ని. ఆ బస్సు సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్లకు చెబితే అర్థం కాదు. బస్సు ప్లాట్‌ఫారం మీదికి వస్తుండగానే కిటికీల్లోంచి దస్తీలు, తువ్వాలలు, సంచులు, ఒక్కోసారి చంటిపిల్లలు లోపలికి ఎగిరి పడేవి. సీటు మీద తువ్వాల పడిందంటే ఆ సీటులో మనిషి కూర్చున్నట్టే. ఆ మనిషి అవతల ఎక్కడో చాయ్ తాగుతూ ఉండవచ్చు, అయినా సరే, తువ్వాల కూర్చుని ఉంది కదా. నేను ఎవరి తువ్వాలనూ ఎన్నడూ ముట్టుకున్న పాపాన పోలేదు. ఒక శనివారం ఒక సీటు మీద పచ్చ తువ్వాల ఉంది. మనిషి రాలేదు. బస్సు కదిలింది. అయినా రాలేదు. ములుగు దాకా ఆ తువ్వాల దర్జాగా కూర్చుని వచ్చింది, దాని పక్కన కమ్మీ పట్టుకుని నేను నిలబడి వచ్చాను. దిగేటప్పుడు కండక్టర్ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఆ బస్సులో ఆంథోనీ కూడా ఉన్నాడట.

“ఈ సారునే పెట్టుండ్రి,” అన్నాడట ఆంథోనీ. “సాంబన్న ఇంట్ల కిరాయికుంటే ఉండనీ. మనిషే లేని తువ్వాలకు గంత మర్యాద ఇచ్చినోడు, మనిషికి అన్యాయం చేస్తడా బై?”

విన్నారా? ఆ తువ్వాల మాట గుర్తుంచుకోండి.

డ్రిల్ మాస్టారు తలుపు సందులోంచి నియమాల పుస్తకం తోశాడు. నాలుగు సాయంత్రాలు దాన్ని సర్వీసు రూల్స్ చదివినట్టు చదివాను. చేతితో బంతిని ముట్టుకోరాదు. అర్థమైంది. పసుపు కార్డు అంటే మా కార్యాలయంలో మెమో. అర్థమైంది. ఎర్ర కార్డు అంటే సస్పెన్షన్. అదీ అర్థమైంది. కానీ మా దగ్గర ఒకరు సస్పెండ్ అయితే ఆ కుర్చీలో ఇన్‌చార్జి వచ్చి కూర్చుంటాడు. ఇక్కడ అలా కాదు. పోయినవాడి చోటు ఆట అయిపోయేదాకా ఖాళీగా ఉండిపోవాలి, మిగిలిన పదిమందే ఆడాలి. సంజాయిషీ అడగడం లేదు, విచారణ లేదు, పైకి అప్పీలు లేదు. నడి మైదానంలో ఒక మనిషి చెయ్యెత్తితే చాలు! ఎంత కఠినమైన న్యాయమో అనిపించి ఆ పేజీ దగ్గర కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

ఒక్క ఆఫ్‌సైడ్ మాత్రం బుర్రకెక్కలేదు. కొమురెల్లి నన్ను వంటింట్లో కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు. సాంబన్న భార్య లక్ష్మి వదినె జొన్నరొట్టెలు చేస్తోంది. ఆమె గంపలోంచి కొమురెల్లి కూరగాయలు తీసి నేల మీద పేర్చాడు.

“ఇగో సారూ, గీ ఉల్లిగడ్డలు రైల్వేటోళ్లు. ఆలుగడ్డలు మనం. నిమ్మకాయ బంతి.”

“మరి గోలు?”

“పొయ్యి.”

“పొయ్యి కాడ మీ లొల్లి పెడితే నా రొట్టె మాడుతది, జర అవతలికి జరుగుండ్రి,” అంది వదినె.

“ఈ ఆలుగడ్డను నేను. మావోడు నాకు బంతి తన్నిండు. అప్పుడు పొయ్యికి నాకు నడుమ ఎంతమంది ఉల్లిగడ్డలు ఉండాలె?”

“ఇద్దరు.”

“ఎవలెవలు?”

“గోల్‌కీపర్ ఒకడు. ఇంకొకడు ఎవడైనా సరే.”

“శాబాష్! ఒక్కడే ఉంటే?”

“ఆఫ్‌సైడ్.”

“నేను ఏడున్ననో ఎప్పుడు చూడాలె?”

“నువ్వు బంతి అందుకున్నప్పుడు.”

కొమురెల్లి నెత్తి కొట్టుకున్నాడు. “అయ్యో సారూ! అందుకున్నప్పుడు కాదు, మావోడు తన్నినప్పుడు. తన్నిన ఘడియల నేనేడున్న అన్నదే లెక్క. తన్నినంక నేను గాలి లెక్క ఉరికినా తప్పు లేదు.”

“అంటే నేను తన్నేవాణ్ని చూడాలా, నిన్ను చూడాలా?”

“ఇద్దర్ని.”

“ఒకేసారా?”

“ఒకేసారి.”

“ఒకడు ఈ మూల, ఒకడు ఆ మూల ఉంటే ఎట్లా చూస్తానయ్యా? నా కళ్లు రెండూ ఒకే దిక్కున్నాయి కదా!”

“గందుకే గద సారూ రిఫరీ కొలువు కష్టం.”

అంతలో వదినె చెయ్యి చాచి ఒక ఉల్లిగడ్డను అందుకుని కత్తిపీట మీద రెండు ముక్కలు చేసింది.

“వదినే! అది గోల్‌కీపర్!” అని అరిచాను.

“గోల్‌కీపరైతే ఏంది తమ్మీ, కూరల ఏస్తే ఉల్లిగడ్డే,” అంది.

గోల్‌కీపర్ పోయిన ఆ ఖాళీని చూస్తూ ఉండగానే నాకు తటాలున వెలిగింది. ములుగు బస్సు! బంతి అంటే బస్సు. బస్సు ప్లాట్‌ఫారం మీదికి రాకముందే డిపో గేటు దాకా వెళ్లి, లోపల ఎక్కి కూర్చునే ఘనులు ఉంటారు చూశారా? వాళ్లు ఆఫ్‌సైడ్. వరుసలో మనతో పాటు నిలబడి, బస్సు వచ్చాక పరుగెత్తి సీటు పట్టినవాడు తప్పు చేయలేదు. వాడిది కాళ్ల బలం.

“అట్లనే అనుకో సారూ,” అన్నాడు కొమురెల్లి, నన్ను ఇంతకంటే బాగు చేయలేనన్నట్టు.

నేను మాత్రం ఆశ్చర్యం నుంచి తేరుకోలేకపోయాను. గోలుకు గీత ఉంది, మైదానానికి గీత ఉంది, అన్నీ సున్నంతో గీస్తారు. ఈ ఆఫ్‌సైడ్ గీతను మాత్రం ఎవరూ గీయరు. అది మనుషుల మధ్య ఉంటుంది. మనిషి ముందుకొస్తే ముందుకొస్తుంది, వెనక్కి పోతే వెనక్కి పోతుంది. కంటికి కనిపించదు, అయినా అందరూ దానికి లోబడి ఆడతారు. ఇంత గొప్ప ఊహ ఎవరికి వచ్చిందో! ఆ రాత్రి రొట్టె రుచి ఎలా ఉందో తెలియలేదు.

ఆదివారం వచ్చింది. నల్ల చొక్కా ఎరువు తెచ్చుకున్నాను. పసుపు కార్డుకు ఒక పాత శుభలేఖ అట్టను పసుపుతో రుద్దాను. ఎర్ర కార్డుకు వదినె అట్టముక్క చుట్టూ ఎర్ర గుడ్డ బిగించి చక్కగా కుట్టి ఇచ్చింది. “మంచిగ చూపియ్యి తమ్మీ, నా కుట్టు అందరికి కనవడాలె,” అని నవ్వింది. పాపం, ఆమెకేం తెలుసు.

మైదానం చుట్టూ జనం. చెట్ల మీద జనం. ఆగి ఉన్న గూడ్సు బండి మీద కూడా జనం. నేను నడిమధ్యకు వెళ్లి ఈల ఊదాను. ఏం చెప్పను! నా కార్యాలయంలో నేను కేకేస్తే బంట్రోతు కూడా తిరిగి చూసేవాడు కాదు. ఇక్కడ ఒక్క ఈలకు ఇంతమంది మగాళ్లు ఒక్కసారిగా కదిలారు. మళ్లీ ఊదాను, ఆగిపోయారు. ఎందుకు ఊదావని ఆంథోనీ అడిగాడు.

“ఏమీ లేదు, చూశాను,” అన్నాను.

మొదటి సగంలో నేను చేసిన తప్పులన్నీ రాస్తే పత్రికవాళ్లు కాగితం చాలదంటారు. ఒక్కటి చెబుతాను. మావాడొకడు గీత బయట నుంచి రెండు చేతులతో బంతి విసిరాడు. కొమురెల్లి అందరికంటే ముందున్నాడు. నేను గర్వంగా ఊదాను. “ఆఫ్‌సైడ్!”

కొమురెల్లి ఉరికొచ్చాడు. “సారూ, చేతుల్తోని ఇసిరినదానికి ఆఫ్‌సైడ్ ఉండది! నిన్న రాత్రి మీరే సదివి చెప్పిన్రు గద!”

నిజమే. నేనే చదివి చెప్పాను. చెప్పినవాణ్ని నేనే, మరిచినవాణ్నీ నేనే. నా సంగతి చూసి ఆంథోనీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

అయినా సగం ఆట అయ్యేసరికి కొత్తవాడ ఒక గోలు ముందుంది. కొట్టింది కొమురెల్లి. జనం ఎగిరి గంతులేశారు. ఆ సాయంత్రాలన్నీ ఇక తమవే అన్నట్టు పేట మొత్తం కేరింతలు. మీరు కూడా సంతోషించండి, ఎందుకంటే ఇక్కడి నుంచి నా ప్రతాపం మొదలవుతుంది.

రెండో సగంలో సాంబన్న కాలి బొటనవేలి గోరు లేచింది. ఆ రోజుల్లో మావాళ్లందరూ ఉత్త కాళ్లతోనే ఆడేవాళ్లు. కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

“సారూ, జర బయటికి పోయి గుడ్డ కట్టుకోనొస్త. ఆట ఆపకు, మనోళ్లు మంచి ఊపు మీదున్నరు.”

“పోయి రా అన్నా.”

పోతూ పోతూ నడుముకు చుట్టుకున్న ఎర్రగళ్ల తువ్వాల విప్పాడు. మన గోలుకు కాస్త ముందు, తాను ఎప్పుడూ నిలబడే చోట, దాన్ని పరిచాడు. చెమటకు తడిసి బరువెక్కిన తువ్వాల నేలకు అతుక్కుపోయింది.

“ఇది నా జాగ,” అని అందరికీ వినిపించేలా చెప్పి, గోలు వెనక నీళ్లకుండ దగ్గరికి వెళ్లాడు.

నాకు అందులో వింత ఏమీ కనిపించలేదు. మీకూ కనిపించి ఉండదు, నిజం చెప్పండి. మనిషి లేచి వెళ్లేటప్పుడు తువ్వాల వేయడం మన దగ్గర ఎంత మామూలు! కానీ అవతలి గోలు దగ్గర నుంచి ఆంథోనీ మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు.

“సారూ, గీ తువ్వాల ఎవలిది?”

“సాంబన్నది. ఇప్పుడే వస్తాడు.”

“అంటే సాంబన్న ఈడ ఉన్నట్టేనా?”

“ఉన్నట్టే.”

ఆంథోనీ ఆ తువ్వాలను, రిజర్వేషన్ పెట్టెలో ఖాళీ బెర్తును చూసిన టిక్కెట్ కలెక్టర్‌లా చూశాడు. తమ జట్టులోని పొడుగాటి ఫార్వర్డు చెవిలో ఏదో ఊది తన చోటికి వెళ్లిపోయాడు.

ఆ పొడుగాయన వచ్చి తువ్వాలకు ఇవతల నిలబడ్డాడు. మనవాళ్లంతా ఎక్కడో ముందున్నారు. అటు నుంచి బంతి గాలిలో లేచి వచ్చింది. పొడుగాయన దాన్ని ఛాతీతో ఆపి, తువ్వాలను దాటించి, గోల్‌కీపర్ పక్క నుంచి లోపలికి కొట్టాడు.

“ఆఫ్‌సైడ్!” కొత్తవాడ మొత్తం ఒక్క గొంతుతో అరిచింది.

నేను పద్ధతి ప్రకారం లెక్కవేశాను. గోలుకూ ఇతనికీ మధ్య గోల్‌కీపర్ ఉన్నాడు, ఒకడు. ఇంకొకడు ఎవరు? అటు చూశాను. ఒట్టేసి చెబుతున్నాను, ఆ క్షణాన నాకు తువ్వాల కనిపించలేదు. సాంబన్న కనిపించాడు. ములుగు బస్సులో ఇన్నేళ్లు నిలబడి ప్రయాణం చేసిన కళ్లకు ఇంకోలా కనిపించదు.

“గోలు!” అని ఊదాను.

కొమురెల్లి అక్కడే నేల మీద కూలబడ్డాడు. “ఇద్దరేరి సారూ? గోల్‌కీపర్ ఒక్కడే ఉండె గద!”

“సాంబన్న ఉన్నాడు కదా.”

“ఏడున్నడు?”

వేలు పెట్టి చూపించాను. చూపించాక, ఆ వేలి చివర ఉన్నది నాకూ కనిపించింది. కానీ ఊదిన ఈల వెనక్కి రాదు.

గోలు వెనక నుంచి సాంబన్న వేలికి కట్టిన గుడ్డ ఈడ్చుకుంటూ దూసుకొచ్చాడు. అనుమతి అడగకుండా లోపలికి వచ్చాడు కాబట్టి, నియమం ప్రకారం, పసుపు రుద్దిన శుభలేఖ చూపించాను.

“నీ కార్డు పొయ్యిల వెట్ట! తువ్వాల మనిషెట్లయితది సారూ? దానికేమన్న కాళ్లున్నయా?”

“బస్సులో నువ్వేసే తువ్వాలకు కాళ్లున్నాయా అన్నా? మరి దాన్ని తీసి ఎవరన్నా కూర్చుంటే ఎందుకు కొట్లాడతావు?”

జనంలోంచి ఒక పెద్దాయన, “సారు మాటల నిజమున్నది,” అన్నాడు. ఇంకొకాయన, “పోయిన నెల హన్మకొండ బస్సుల నీ తువ్వాల తీసినందుకే గద నన్ను కొట్టవస్తివి సాంబన్నా!” అన్నాడు.

ఆ మాటతో సాంబన్నకు తిక్క నషాళానికెక్కింది. నా మెడలో దారంతో వేలాడుతున్న ఈలను అందుకుని తన నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు. దారం పొట్టిది కావడంతో ఇద్దరి ముఖాలూ దాదాపు తగిలాయి. “ఇగో, నేను ఊదుతాన! ఆఫ్‌సైడ్! గోలు లేదు!”

రిఫరీ ఈలను ఆటగాడు ఊదడం! పుస్తకంలో దీనికి పేరు కూడా పెట్టలేదు, ఎవరూ చేస్తారని ఊహించలేదు కాబట్టి. నా చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది. ఎర్ర కార్డుతో పైకి లేచింది. గూడ్సు బండి మీది జనం కూడా నోళ్లు తెరిచారు. అంతవరకు నా బతుకులో ఒక్క మెమో కూడా ఎవరికీ ఇవ్వనివాణ్ని, నాకు అన్నం పెట్టే ఇంటి యజమానిని సస్పెండ్ చేశాను.

సాంబన్న ఆ కార్డు వైపు తేరిపార చూశాడు. “ఇది నా పెండ్లాం కుట్టిన కార్డు గద సారూ!”

“అవునన్నా. వెళ్లు.”

వెళ్లాడు. గీత దాటాక వెనక్కి తిరిగి, “నన్ను పంపినవ్ సారూ. నా తువ్వాలను పంపలే. అది మనిషేనంటివి గద. అది ఆడుతది. ఎవ్వడు ముట్టుకోవద్దు!” అని నడుముకు చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

ఇప్పుడు చూడండి నా అవస్థ. గోలు ముందు ఆ తువ్వాల ఉన్నంతసేపూ రైల్వే ఫార్వర్డులు దానికి ఇవతల ఎక్కడ నిలబడినా ఆఫ్‌సైడ్ కారు. ఆ సంగతి అందరికంటే ముందు కొమురెల్లికి తట్టింది. తువ్వాల తీయబోయాడు.

“ఎట్ల తీస్తవ్ బై?” ఆంథోనీ అడ్డం వచ్చాడు. “మనిషిని మైదానంల నుంచి ఎత్తుకపోతవా?”

“తియ్యకురా!” బయట నుంచి సాంబన్న.

“అన్నా, అది ఉంటే మనం మునుగుతం! తియ్యమని చెప్పు!”

“మునుగుతే మునుగనీ! నా మాట మీద నేనుంట!”

“సారూ, మీరే చెప్పుండ్రి. తువ్వాల ఉంటదా, పోతదా?” అన్నాడు ఆంథోనీ వినయంగా. ఆ వినయం కంటే తిట్టు నయం.

నేను కళ్లు మూసుకుని పుస్తకంలోని ఆ కఠినమైన పేజీని తలచుకున్నాను. మనిషి పోతే వాడి చోటు ఖాళీగా ఉండిపోవాలి. ఇన్‌చార్జి లేడు. ఈ తువ్వాల ఇప్పుడు చేస్తున్నదేమిటి? ఇన్‌చార్జి కొలువు! అలాగని దాన్ని ఊరికే తీసెయ్యలేను. ఎవరి తువ్వాలనూ ముట్టుకున్నవాణ్ని కాను. ఉన్న మార్గం ఒక్కటే.

నేరుగా నడిచి తువ్వాల ఎదురుగా నిలబడ్డాను. ఈల ఊదాను. జేబులోంచి ఎర్ర కార్డు తీసి, దానికి కనిపించేలా ఎత్తి పట్టుకున్నాను.

అవును. తువ్వాలకు ఎర్ర కార్డు చూపించాను.

ఎక్కడో ఒక నవ్వు పుట్టింది. అది గూడ్సు బండి మీదికి పాకింది, చెట్లెక్కింది, రెండు జట్లనూ చుట్టేసింది. పొడుగాటి ఫార్వర్డు గోలుకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు. నేను మాత్రం నవ్వలేదు. తువ్వాలను రెండు చేతులా ఎత్తి, మర్యాదగా తీసుకెళ్లి గీత అవతల పెట్టాను. సాంబన్న ఒక్కడే ముఖం తిప్పుకున్నాడు.

రెండు జట్లూ చెరో గోలు. ఆట కాస్తే మిగిలింది. కొత్తవాడ తరఫున పదిమందే. రైల్వేవాళ్లు వరుసగా మీద పడుతున్నారు. ఓడితే ఏడాది సాయంత్రాలు పోతాయి, దానికి కారణం నేను.

అప్పుడు మన గోల్‌కీపర్ చేతికి బంతి చిక్కింది. అవతల సగంలో కొమురెల్లి ఒక్కడే ఉన్నాడు, పక్కన ఆంథోనీ. వాళ్ల వెనక రైల్వే గోల్‌కీపర్ మాత్రమే. మన గోల్‌కీపర్ కాలెత్తగానే ఆంథోనీ, పాత కాపు కదా, ఒక్క అడుగు ముందుకు వేశాడు. కొమురెల్లిని వెనక ఒంటరిగా వదిలేసి ఆఫ్‌సైడ్‌లో పడేయాలని. ఆ అడుగుతో పాటు గీత ముందుకు కదిలింది. నేను చూశాను! ఎవరూ గీయని ఆ గీత నాకు పగ్గంలా కనిపించింది. కానీ ఆంథోనీ కంటే ముందే కొమురెల్లి ఒక అడుగు ఇవతలికి వచ్చేసి ఉన్నాడు. కాలు బంతికి తగిలింది. ఆ చప్పుడు తర్వాతే కొమురెల్లి గీతను దాటాడు. మగ్గం మీద పగలంతా మడిచి కూర్చున్న ఆ కాళ్లు ఒక్కసారిగా విచ్చుకున్నాయి. అతను పరుగెత్తుతున్నట్టు లేదు, నేలే అతని కింద నుంచి వెనక్కి జారుతున్నట్టుంది. బంతి అతని ముందు పడింది. మరుక్షణం గోలులో ఉంది.

నేను ఈల ఊదలేదు. నోరు తెరుచుకుని నిలబడిపోయాను. నేను రిఫరీనన్న సంగతే మరిచాను. చేతులు వాటంతటవే చప్పట్లు కొడుతున్నాయి.

చెయ్యెత్తి ఆఫ్‌సైడ్ అడగబోయిన ఆంథోనీ ఆ చెయ్యి మెల్లగా దించాడు. నా దగ్గరికి వచ్చి, “సారూ, ఈల ఊదు,” అన్నాడు.

“ఆఫ్‌సైడ్ కాదా?”

“కాదు సారూ. గింత సాఫ్ గోలు నేనెన్నడు చూడలె. ఊదు.”

ఊదాను. ఆ ఏటి సాయంత్రాలు కొత్తవాడవి. ఆంథోనీ వెళుతూ వెళుతూ, “మాకు వచ్చిన గోలు తువ్వాలది, పోయిన గోలు మనిషిది. లెక్క సరిపోయింది,” అని నా భుజం తట్టాడు. ఆ తట్టిన చెయ్యి ఎంత పెద్దదో ఇప్పటికీ గుర్తుంది.

అసలు భయం ఇంటి దగ్గర ఉంది. దీపాలు పెట్టే వేళకు భోజనానికి వెళ్లాను. సాంబన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు, నా వైపు చూడలేదు. కొమురెల్లి తల వంచుకుని రొట్టె తుంచుతున్నాడు. నేను రోజూ కూర్చునే పీట మీద, నీట్‌గా నాలుగు మడతలు పెట్టి, ఎర్రగళ్ల తువ్వాల ఉంది.

“నీ జాగల తువ్వాల కూసున్నది తమ్మీ,” అంది వదినె, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

సాంబన్న పైకప్పును చూస్తూ అన్నాడు: “మనిషి కూసున్నడు. ఎవలన్న లేపుతే చూస్త.”

కూర పొగలు కక్కుతోంది. ఆకలి దంచేస్తోంది. నేను ఇతరుల తువ్వాల ముట్టుకోను, అది ఆయనకు బాగా తెలుసు. ములుగు దాకా నిలబడి వెళ్లిన కాళ్లు ఇక్కడా నిలబడ్డాయి. కాసేపటికి నా చెయ్యి జేబు మీద పడింది. మెల్లగా ఎర్ర కార్డు తీశాను. ఈల ఊదాను. పీట మీది తువ్వాలకు కార్డు చూపించాను.

సాంబన్న బిగపట్టుకున్నాడు. పెదవులు కొరుక్కున్నాడు. లాభం లేకపోయింది. వంటింట్లో గిన్నెలు మోగేలా నవ్వాడు. “ఏమే లచ్చీ, సారుకు రొట్టె వెయ్యి. మనిషన్నోడు రెండుసార్లు సస్పెండైనంక ఇంక కూసుంటడా!” అని తన చేత్తోనే తువ్వాల తీసి భుజాన వేసుకున్నాడు.

ఆ పీట మీద కూర్చుని, చేతిలో రొట్టెతో, పొయ్యిని సాక్షిగా పెట్టి ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఈల ముట్టను, ఆఫ్‌సైడ్ తీర్పు చెప్పను, మనిషి తనంత తాను కాళ్ల మీద నిలబడి కనిపిస్తే తప్ప అతణ్ని మనిషిగా లెక్కించను. మొదటి రెండూ ఈ రోజు దాకా నిలబెట్టుకున్నాను.

మూడోది మాత్రం ములుగు బస్సు ఎక్కగానే తప్పుతాను. ఈ వయసులోనూ, సీటు మీద తువ్వాల ఉంటే, దాని పక్కన కమ్మీ పట్టుకుని నిలబడే వెళతాను.